సమాధుల తోటలో సీసా

మా అత్తగారింట్లో ఒక పద్ధతి ఉండేది. మనిషి ఒంట్లోంచి విడిపోయింది ఏదైనా సరే పారేయకూడదు, మట్టిలో పెట్టాలి. ఊడిన పాలపళ్ళు, బిడ్డ బొడ్డుతాడు సరే, అది చాలా ఇళ్ళలో చేసేదే. మా మామకు చక్కెర జబ్బు ముదిరి కడపలో కాలి బొటనవేలు తీసేస్తే, మా అత్త దాన్ని అడిగి మరీ తీసుకుని, తెల్లగుడ్డలో చుట్టి, కమలాపురం దగ్గర మా ఊరి సమాధుల తోటలో మా కుటుంబం జాగాలో పెట్టించింది. పాస్టరుగారు వచ్చి చిన్న ప్రార్థన కూడా చేశాడట. ఆ తర్వాత మా మామ మూడేళ్ళు బతికాడు. వేలు అక్కడ, మనిషి ఇక్కడ. ఆయన పోయినప్పుడు వేలు పక్కనే మనిషినీ పెట్టారు. అప్పటికి నేను కోడలిగా వచ్చి ఏడాది అయింది. "ఇప్పుడు అంతా ఒక్కచోటే ఉండాడు" అని మా అత్త నిమ్మళంగా అనడం నా చెవులతో విన్నాను.

నేను చదువుకున్న కోడల్ని, బడిలో టీచరుని. నవ్వు ఆపుకోవడం నాకు చేతకాదు. "అత్తా, కడబూర మోగి చనిపోయినవాళ్ళంతా లేచే దినాన మామ లేచి ముందు వేలు వెతుక్కుంటాడా, చెప్పులు వెతుక్కుంటాడా?" అని ఎగతాళి చేసేదాన్ని. ఆమెకు కోపం వచ్చేది కాదు. "ఆ దినాన మనిషి పూర్తిగా లేయల్ల మ్మే. ఒక ముక్క ఈడ, ఒక ముక్క ఆడ ఉంటే ఎట్ల లేస్తాడు?" అనేది. నేను నవ్వేదాన్ని. ఆమె కూడా నవ్వేది, నా నవ్వుకు నవ్వేది, తన మాటకు కాదు.

ఈ సంగతి ముందు చెప్పకపోతే తర్వాత జరిగింది ఎవరికీ అర్థం కాదు. అర్థమైనా నా తప్పు చిన్నదైపోదు, అది వేరే విషయం.

మేం ఎర్రగుంట్లలో కాపురం ఉండేవాళ్ళం. మా ఆయనకు సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు నింపే విభాగంలో పని. మా పాపకు ఏడో ఏడు నడుస్తుండగా ముక్కు బాధ మొదలైంది. కుడి ముక్కు ఎప్పుడూ బిగుసుకుపోయి ఉండేది, నోరు తెరిచి గాలి పీల్చేది. ఎర్రగుంట్లలో ఏ పిల్లకు ముక్కు బాగుంటుంది గనక? కిటికీ రెక్క పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి దాని మీద వేలితో పేరు రాయొచ్చు. దుమ్ము పడలేదు, జలుబు అన్నారు అందరూ. నేనూ అదే అన్నాను. మా అత్త ఊరి నుంచి వచ్చినప్పుడల్లా వాము మూట కట్టి వాసన చూపించేది, పసుపుకొమ్ము కాల్చి పొగ పట్టించేది. నేను మందుల షాపు నుంచి చుక్కల మందు తెచ్చి వేసేదాన్ని. ఇద్దరి వైద్యమూ ఒక్కలాగే పనిచేసింది, అంటే పనిచేయలేదు.

ఒక విషయం రాయకుండా పోలేను. నోరు తెరుచుకుని కూర్చునే పిల్లలంటే నాకు మొదటి నుంచీ విసుగు. బడిలో అయినా ఇంట్లో అయినా "నోరు మూసుకో" అనేదాన్ని. అది అలవాటు, బాగుపడుతుంది అనుకుని, పాపను ఎదురుగా కూర్చోబెట్టుకుని పెదవులు మూసి, నేను యాభై లెక్కపెట్టేదాకా తెరవకూడదని పందెం పెట్టేదాన్ని. ముప్ఫై దాటేసరికి ముఖం ఎర్రబడి కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. మా అమ్మాయి మొండిది, యాభై దాకా ఉండేది. ఉన్నందుకు మెచ్చుకునేదాన్ని. ఏడాది పాటు నా బిడ్డకు నేను ఊపిరి ఆపడం నేర్పించాను.

ఒక రోజు చీదితే నెత్తురు పడింది. టార్చి వేసి చూస్తే కుడి ముక్కులో తొక్క తీసిన ద్రాక్షపండులా ఏదో మెరిసింది. కడపలో ముక్కు, చెవి, గొంతు చూసే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన సన్నటి గొట్టంలో కెమెరా పెట్టి చూసి, తెర మీద మాకూ చూపించాడు. ముక్కులో కండ పెరిగింది, ఆపరేషన్ చేసి తీసేయాలి అన్నాడు.

"పిల్లల్లో ఇది వస్తుంటుందమ్మా, భయపడొద్దు. చెంప ఎముక లోపల ఖాళీ గది ఉంటుంది, అందులోంచి ముక్కు వెనక్కి వేలాడి రెండు పక్కలా గాలిని అడ్డుకుంటుంది. గొట్టంతోనే తీసేస్తాం, పైన కోత ఉండదు. కాకపోతే దుమ్ముకో అలర్జీకో వచ్చే కండలైతే రెండు పక్కలా వస్తాయి. ఈ పాపకు ఒక పక్కనే వచ్చింది. ఒక పక్కనే వచ్చినదాన్ని నేను పరీక్షకు పంపకుండా వదలను. తీసిన ముక్కను ల్యాబ్‌కు ఇవ్వాలి, రిపోర్టు నాకు చూపించాలి. మీరు టీచరు కదా, మీకు రెండుసార్లు చెప్పే పనిలేదు."

ఆ చివరి మాట నాకు బాగా నచ్చింది. ఆ గదిలో ఇంకా నలుగురు తల్లులు ఉన్నారు, వాళ్ళ ముందు అన్నాడు.

వేసవి సెలవుల్లో ఆపరేషన్ పెట్టుకున్నాం. ఆ రోజు పొద్దున మా ఆయన, మా అత్త, నేను ముగ్గురం ఉన్నాం. పాప లోపలికి పోయేటప్పుడు ఏడవలేదు, తాను జేజి అని పిలిచే మా అత్త కొంగు మాత్రం వదల్లేదు. నర్సు పాప వేళ్ళను ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది. గంటన్నర తర్వాత నన్ను లోపలికి పిలిచారు, మెలకువ వచ్చి ఒకటే ఏడుస్తోందని. ముక్కు నిండా గుడ్డపట్టీ కుక్కి ఉంది, పై పెదవి మీద నెత్తురు ఎండిపోయి ఉంది. నేను ఆమెను పట్టుకుని కూర్చున్నాను. మా ఆయన మందుల చీటీ పట్టుకుని కిందికి పోయాడు. బయట మిగిలింది మా అత్త ఒక్కతే.

ఆ ఆసుపత్రిలో, చాలా ఆసుపత్రుల్లో కూడా, తీసిన ముక్కను రోగి తాలూకు మనుషులే ల్యాబ్‌కు తీసుకుపోయి ఇవ్వాలి. ల్యాబ్ రోడ్డుకు అవతల సందులో ఉంది. నర్సు బయటికి వచ్చి పాప తాలూకు వాళ్ళెవరని అడిగి, మందునీళ్ళలో ముక్క వేసిన చిన్న సీసాను, దాంతోపాటు చీటీని మా అత్త చేతిలో పెట్టింది. ఆ సాయంత్రమే మా అత్త, "గొడ్లకు మేత ఎయ్యల్ల, పొద్దున్నే వస్తా" అని ఊరికి బస్సెక్కింది. మనవరాలి పక్కన ఉండకుండా గొడ్లెందుకు గుర్తొచ్చాయా అని నాకు కోపం వచ్చింది. సీసాను మా అత్తకు ఇచ్చానని నర్సు చెప్పింది గానీ, ఆ సంగతి నాకు గుర్తే లేదు.

మర్నాడు డాక్టరు గుడ్డపట్టీ లాగేశాడు. ఆ లాగడం నేను చూడలేకపోయాను. పాప కేక వరండా దాకా వినిపించింది. కాసేపటికి ఏడుపు ఆగింది. నోరు మూసుకుని, ముక్కుతో గాలి పీల్చి, వదిలి, మళ్ళీ పీల్చింది. అప్పుడే ఊరి నుంచి వచ్చిన మా అత్త ఒళ్ళో కూర్చుని ఆమె కొంగు ముఖానికి పెట్టుకుంది.

"జేజీ, నీ కొంగు వక్కాకు వాసన వస్తాంది."

"ఇన్నాళ్ళూ రాల్యా నీకు?"

"రాల్యా."

మా అత్త ఏడ్చేసింది. పిల్ల పుట్టినప్పటి నుంచీ తన ఒళ్ళో ఆడుకుంటోంది, ఏడాదిగా తన వాసనే తెలియదు అని తలుచుకుని తలుచుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ రోజంతా పాప అన్నీ వాసన చూస్తూ తిరిగింది. సబ్బు, ఫినాయిలు, ఇడ్లీ పొట్లం కట్టిన ఆకు, నా జడ. మా జీవితంలో అంత సంతోషంగా ఉన్న రోజు మళ్ళీ రాలేదు.

పది రోజుల తర్వాత రిపోర్టు తెచ్చుకోవాలని గుర్తొచ్చింది. ల్యాబ్ చీటీ ఎక్కడుందని మా అత్తను అడిగాను. ఆమె కొంగు ముడి విప్పి మడత కూడా నలగని చీటీ నా చేతిలో పెట్టింది. అది ల్యాబ్ వాళ్ళు ఇచ్చింది కాదు, ల్యాబ్ వాళ్ళకు ఇవ్వాల్సింది.

"సీసా యాడ అత్తా?"

"మీ మామ పక్కన."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నేను అరిచిన అరుపులు రాయడానికి సిగ్గుగా ఉంది. పెద్దామె అని చూడకుండా నానా మాటలూ అన్నాను. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని అన్నీ విన్నది.

"బిడ్డ ఒంట్లోది మ్మే. నేను ఆ సందులోకి పోయి చూస్తిని. ఆ వెనకాల ఇట్లాంటియే సీసాలు కుప్ప పోసిండారు, కుక్కలు తిరుగుతాండాయి. ఆడ పెట్టేదానికి నాకు చేతులు రాల్యా."

అప్పుడే పోయి తవ్వి తీసుకురావాల్సింది. ఆ మందునీళ్ళలో ముక్క చెడిపోదని నాకు తెలుసు, సైన్సు పాఠం చెప్పేదాన్ని. కానీ ఊళ్ళో సమాధుల తోట చర్చి వాకిలికి ఎదురుగానే ఉంటుంది. ఆదివారం జనం ఉంటారు, తక్కిన రోజుల్లో పక్కనే ఉపాధి పని చేసే ఆడవాళ్ళు ఉంటారు. టీచరమ్మ సమాధులు తవ్వుతాందంట అని ఊరంతా చెప్పుకుంటారు. మా ఆయనకు చెబితే వాళ్ళమ్మ మీద చిందులు తొక్కుతాడు, మధ్యలో నాకెందుకు అనుకున్నాను. ఈ వారం, వచ్చే వారం అనుకుంటూ ఉండగానే బళ్ళు తెరిచారు. పాప చక్కగా ఊపిరి పీలుస్తోంది. ఇంకేం కావాలి అనిపించింది.

నెల తర్వాత చూపించుకోవడానికి కడప పోయాం. మా ఆయనకు సెలవు దొరకలేదు. డాక్టరు మళ్ళీ గొట్టం పెట్టి చూసి, శుభ్రంగా ఉంది అన్నాడు. మా అత్త పాపను ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుని ఉంది. ఆయన ఫైలు తెరిచి, పెన్ను తీసి, "రిపోర్టు ఏదమ్మా?" అన్నాడు.

నిజం చెప్పొచ్చు. మా అత్త దాన్ని సమాధుల తోటలో పెట్టింది సార్, తవ్వి తెస్తాం అని చెప్పొచ్చు. నలుగురు తల్లుల ముందు నన్ను టీచరని మెచ్చుకున్న మనిషికి, మా ఇంట్లో వేళ్ళకూ కండలకూ సమాధులు కడతాం అని ఎట్లా చెప్పేది? నోరు దానంతట అదే తెరుచుకుంది.

"వచ్చింది సార్. మామూలు కండేనంట. తెచ్చేది మరిచిపోయినాను."

"మంచిది. ఈసారి వచ్చినప్పుడు తీసుకురండి" అని ఆయన ఫైల్లో ఒక లైను రాసుకున్నాడు. ఆ పెన్ను కదలడం చూస్తూ కూర్చున్నాను. మా అత్త నా వైపు చూసిందో లేదో నాకు తెలియదు. నేను ఆమె వైపు చూడలేదు.

అబద్ధం చెప్పడంలో ఇంకో ప్రమాదం ఉందని అప్పుడు తెలియదు. కొన్నాళ్ళకు నేను దాన్ని నమ్మడం మొదలుపెట్టాను. స్టాఫ్ రూములో ఎవరైనా పాప గురించి అడిగితే "రిపోర్టు బాగుంది" అని చెప్పేదాన్ని. చెప్పేటప్పుడు కళ్ళ ముందు ఒక కాగితం కూడా కనిపించేది, సంతకంతో సహా. డాక్టరు మళ్ళీ రమ్మన్న తేదీ దాటిపోయింది. పోతే కాగితం అడుగుతాడు. పోలేదు.

చలికాలంలో ఒకసారి మా అత్త ఊరి నుంచి వచ్చింది. పాప పరుగెత్తుకుంటూ పోయి కొంగులో ముఖం పెట్టింది, మళ్ళీ తీసి చూసింది, మళ్ళీ పెట్టింది.

"జేజీ, నీ వాసన రాల్యా."

మా అత్త వంటింట్లోకి వచ్చి నా పక్కన నిలబడింది. "మ్మే, బిడ్డకు మళ్ళా వాసన తెలీడం ల్యా. డాక్టరు కాడికి పోదాం పా" అంది. చలికి అందరికీ జలుబులే అత్తా అన్నాను. రిపోర్టు బాగుంది కదా అని కూడా అనబోయి, ఎవరితో మాట్లాడుతున్నానో గుర్తొచ్చి ఆగాను. చుక్కల మందు నేనే కొని నెల రోజులు వేశాను. మా అత్త రోజూ ఫోన్ చేసి అదే మాట అడిగేది. "పోయినారా? యాల పోలేదు?" ఆమె ఫోన్ వస్తే ఎత్తడం కూడా మానేశాను.

ఒక రోజు పొద్దున అద్దం ముందు కూర్చోబెట్టి జడ వేస్తున్నాను. పాపిడి సరిగ్గా వచ్చిందా అని తల పైకెత్తి అద్దంలో చూస్తే, పాప కుడి కన్ను ఎడమ కన్ను కంటే పెద్దదిగా ఉంది. దువ్వెన కింద పడేసి ముఖం నా వైపు తిప్పుకున్నాను. కన్ను పెద్దది కాలేదు, ముందుకు వచ్చింది. లోపలి నుంచి ఎవరో తోస్తున్నట్టు ఉంది. "నొప్పి ఉందా?" అంటే లేదంది. "రెండు రెండుగా కనపడతాండాయి అమ్మా" అంది. ఎన్నాళ్ళ నుంచి అంటే చెప్పలేకపోయింది. తిడతానని చెప్పలేదు అంది.

ఆ రోజే కడప పోయాం. ఈసారి మా ఆయన కూడా ఉన్నాడు. దోవలో కమలాపురం దగ్గర మా అత్త ఎక్కింది. డాక్టరు కన్ను చూడగానే ముఖం మారింది. గొట్టం పెట్టి చూశాడు, తీసి చేతులు కడుక్కున్నాడు, ఫైలు తెప్పించాడు. తాను రాసుకున్న లైను మీద వేలు పెట్టాడు.

"పోయినసారి రిపోర్టు మామూలు అని రాసుకున్నాను. ఆ కాగితం నాకు ఇప్పుడు కావాలి. ఎక్కడుంది?"

మా ఆయన నా వైపు తిరిగాడు. నేను నోరు తెరిచేలోగా మా అత్త స్టూలు మీంచి లేచి నిలబడింది.

"కాగితం ల్యా సారూ. ఆ సీసాను నేను ల్యాబ్‌లో ఇయ్యలేదు. మా ఊరికి తీసకపోయి మట్టిలో పెట్టినా. కోడలు అడిగితే ఇచ్చినా అని చెప్పినా, బాగుండాదన్నారు అని కూడా నేనే చెప్పినా. ఆ యమ్మి నా మాట నమ్మి మీకు చెప్పింది. తప్పంతా నాదే."

చదువురాని ఆ మనిషి, తడుముకోకుండా, నా అబద్ధాన్ని నా చేతిలోంచి తీసుకుని తన కొంగున కట్టుకుంది. నేను కాదు అనలేదు. తల దించుకుని కూర్చున్నాను. మా ఆయన వాళ్ళమ్మ మీదికి చెయ్యెత్తాడు. డాక్టరు పట్టుకోకపోతే కొట్టేవాడే.

పాపకు మళ్ళీ ఆపరేషన్ చేసి ముక్క తీశారు. ఈసారి సీసాను నేనే చేతిలో పట్టుకుని రోడ్డు దాటాను. దొరికితే మొదటి ముక్కను కూడా తెమ్మన్నాడు డాక్టరు, జబ్బు ఎప్పటి నుంచి ఉందో తెలుస్తుందని. మా ఆయన, మా అత్త, నేను సమాధుల తోటకు పోయాం. ఉపాధి పని ఆడవాళ్ళు పని ఆపి గట్టు మీద నిలబడి చూశారు. ఏ చూపులకు భయపడి నేను ఆగానో ఆ చూపులు ఏమీ చేయలేదు, కాసేపు చూసి వాళ్ళ పనికి వాళ్ళు పోయారు. మా అత్త జాగా వెతుక్కోలేదు. మామ సమాధికి ఎడమ పక్కన కూర్చుని చిన్న పారతో మూరెడు లోతు తవ్వి, తెల్లగుడ్డ చుట్ట తీసింది. సీసా పగల్లేదు. మూతకు అంటించిన పట్టీ మీద పాప పేరు, వయసు చెక్కుచెదరకుండా ఉన్నాయి. నీళ్ళలో ముక్క అట్లాగే ఉంది. చిక్కుడు గింజంత. అంతే ఉంది.

రెండు సీసాల్లోనూ ఒకటే జబ్బు. అది కండ కాదు, క్యాన్సర్. పిల్లలకు వచ్చే రకం. మొదటి నుంచీ అదే. తెర మీద చూడడానికి మామూలు కండలాగే ఉంటుందనీ, అందుకే పరీక్ష అడిగాననీ డాక్టరు అన్నాడు. "అప్పుడే తెలిసి ఉంటే మందులు మొదలుపెట్టేవాళ్ళం. కన్ను దాకా వచ్చేది కాదేమో" అన్నాడు. ఆ "ఏమో"ను పట్టుకుని నేను చాలా రోజులు బతికాను. దాని మీద ఎక్కువ బరువు మోపడానికి లేదు.

తర్వాత కర్నూలు. ఏడాది పాటు వైద్యం. సూది మందులు ఎక్కించిన వారానికి పాప జుట్టు పిడికిళ్ళు పిడికిళ్ళుగా ఊడిపోయింది. దిండు మీద, నేల మీద, పాలగ్లాసులో. పాలపళ్ళను కూడా గుడ్డలో కట్టి దాచిన మా అత్త, ఒక్క వెంట్రుక ఏరలేదు. ఊడ్చే ఆమె వచ్చి చేటలో ఎత్తుకుని పోతుంటే కాళ్ళు పైకి పెట్టుకుని చూస్తూ కూర్చుంది. వాంతులు ఎత్తింది, ఒళ్ళు తుడిచింది, నోరు పూసి పాప ఏమీ తినలేకపోతే గంజి చల్లార్చి చెంచాతో పోసింది. మా ఆయన వారానికోసారి వచ్చేవాడు. వాళ్ళమ్మ ఉన్న పక్కకు చూసేవాడు కాదు. ఆమె అన్నం పెడితే తినకుండా బయటికి పోయి తినేవాడు. నేను చూస్తూ ఉండేదాన్ని.

మందులకు గడ్డ కరిగింది, పూర్తిగా కరగలేదు. ప్రాణం నిలవాలంటే కుడి కన్ను తీసేయాలన్నారు. ఆ రోజు ఆపరేషన్ గది బయట నర్సు కాగితం తెచ్చి, తీసినదాన్ని పరీక్షకు పంపుతాం, అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి అంది. నేను పెన్ను పట్టుకుని మా అత్త వైపు చూశాను. ఆమె నర్సుతోనే మాట్లాడింది.

"అంతా మీరే పెట్టుకోండి తల్లీ. ఎన్నిసార్లు కావల్లంటే అన్నిసార్లు చూసుకోండి. ఏదీ మాకు తిరిగి ఇయ్యొద్దు."

నర్సు పోయాక, నా వైపు తిరగకుండానే అంది. "ఆ దినాన బిడ్డ లేచినప్పుడు నా కన్ను ఇస్తాలే. నాకు ఒకటి చాలు."

"అత్తా" అన్నాను. "ఆ పొద్దు డాక్టరు కాడ నేను..."

"గమ్మునుండు. నువ్వు రేపు మళ్ళా బడికి పోయి పిల్లోళ్ళ ముందు నిలబడాల్సిన దానివి. నాకేముండాది, ముసిల్దాన్ని. నన్ను అంటే అంటారు."

అన్నారు. మా ఊరూ అంది, ఎర్రగుంట్లా అంది. ముసలామె మూఢత్వం పసిబిడ్డ కన్ను తీసింది అని స్టాఫ్ రూములో అంటుంటే నేను టీ తాగుతూ తల ఊపాను. మూఢత్వం గురించి అయిదో తరగతి పిల్లలకు పాఠం చెప్పాల్సి వస్తే ఆ పాఠం కూడా చెప్పాను. ఆమె ఒక్కతే ఆ ఊళ్ళో, ఆ ఇంట్లో, కొడుకు మాట లేకుండా ఉండిపోయింది. చర్చికి పోతే వెనక వరసలో కూర్చునేదట.

పాప బతికింది. ఇప్పుడు పదకొండేళ్ళు. కుడి పక్క నల్ల అద్దం ఉన్న కళ్ళజోడు పెట్టుకుంటుంది. ఆరు నెలలకోసారి కర్నూలు పోయి చూపించుకుంటాం. పోయే వారం ముందు నుంచి నాకు అన్నం దిగదు. నోరు మూసుకునే గాలి పీలుస్తుంది, వాసనలు మాత్రం సగం తెలుస్తాయి, సగం తెలియవు.

మా అత్త పోయిన వానాకాలంలో పోయింది. గుండె ఆగిపోయిందన్నారు. మామ పక్కనే, ఆ సీసా తవ్వి తీసిన చోటే గుంట తీశారు. మా ఆయన అందరితో పాటు మూడు పిడికిళ్ళ మట్టి వేసి, చేతులు దులుపుకుని, గేటు దగ్గరికి పోయి నిలబడ్డాడు. ఒక్క చుక్క కన్నీరు కార్చలేదు. పాప మాత్రం ఆ మట్టి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని లేవనంది.

మూడో రోజు ప్రార్థన అయ్యాక, వచ్చినవాళ్ళంతా పోయాక, మా అత్త ఇంటి అరుగు మీద కూర్చుని మా ఆయనకు చెప్పాను. డాక్టరుకు అబద్ధం చెప్పింది నేను. పది రోజులకే నాకు తెలుసు. తవ్వి తెద్దామంటే సిగ్గుపడింది నేను. వాసన రావడం లేదు, డాక్టరు దగ్గరికి పోదాం పా అని మీ అమ్మ మొత్తుకుంటే ఫోన్ ఎత్తనిది నేను. అన్నీ చెప్పాను, ఒక్కటీ దాచలేదు.

తిడతాడు, కొడతాడు అనుకున్నాను. కొడితే బాగుండు అనుకున్నాను. ఆయన అట్లాగే కూర్చుని, వాకిట్లో ఆమె బోర్లించి పెట్టిపోయిన అన్నం గిన్నె వైపు చూశాడు.

"ఒక్క మాట ముందు చెప్పింటే," అన్నాడు, "ఆమె చేతి కూడు తింటాంటి కదే."